నాన్న హరిశ్చంద్రుడైతే కూతురు చంద్రమతి వేయొచ్చా? పద్యనాటకం వాళ్ళు దయచేసి చెప్పండి

లంకరైతు
మార్చి 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది తెనాలికి అవతల, కృష్ణ ఒడ్డు ఊరు. పసుపు, అరటి వేస్తాం. 22 ఏళ్ళుగా పద్యనాటకాల్లో వేషం కడుతున్నాను. ఎక్కువగా 'సత్యహరిశ్చంద్ర'లో హరిశ్చంద్రుడు, అందులోనూ కాటిసీను.

ఈసారి శ్రీరామనవమి పందిట్లో మా ఊళ్ళోనే పూర్తి నాటకం పెట్టారు. మొత్తం హరిశ్చంద్రుడు నేనే అని కమిటీ వాళ్ళు ముందే చెప్పేశారు. ఏప్రిల్ 6 రాత్రి. చంద్రమతి వేసే ఆవిడకి గొంతు ఆపరేషన్ అయ్యింది, మూడు నెలలు పాడొద్దన్నారట. ఇంకొకరిని వెతుకుతున్నాను.

మొన్న కళ్లంలో పసుపు ఉడుకుతుంటే మా పెద్దమ్మాయి పొయ్యి దగ్గర కూర్చుని చంద్రమతి పద్యాలు ఒక్కటి వదలకుండా పాడింది. నేను అవతల మంట ఎగదోస్తున్నాను. ఎవరూ నేర్పలేదు. ఇన్నేళ్ళూ పెరట్లో నేను రిహార్సల్ చేస్తుంటే విని పట్టుకుంది. రాగం దీయడం కూడా మా అమ్మ పోలికే. ఆఖరి పద్యం అయ్యాక "నాన్నా, నేను వేస్తాను" అంది. దానికి 20 ఏళ్ళు, డిగ్రీ మూడో సంవత్సరం. చిన్నదానికి 9. అది ఇప్పటికే నాతో రెండుసార్లు లోహితుడు వేసింది.

ఇబ్బంది మీకు అర్థమయ్యే ఉంటుంది. నాటకంలో మేమిద్దరం భార్యాభర్తలం. మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. ఊళ్ళో ఏమంటారు, రేపు సంబంధాలు చూడాలి కదా అంటోంది. మా బావమరిది అయితే ఫోన్లోనే గొడవ పెట్టుకున్నాడు. వాళ్ళ సంగతి అలా ఉంచితే, నాకే నోరు రావడం లేదు. దాన్ని చూసి "దేవీ" అని పిలవాలి. రెండుసార్లు ప్రయత్నించాను, మాట గొంతులోనే ఆగిపోయింది.

వద్దంటే పిల్ల మనసు విరిగిపోతుంది. సరే అనడానికి ధైర్యం చాలడం లేదు. మీలో ఎవరైనా ఇలా పిల్లలతో కలిసి వేసిన వాళ్ళుంటే చెప్పండి.

పల్నాటి పెద్దాయన
మార్చి 11, రాత్రి 10:15

తమ్ముడూ, నేను 40 ఏళ్ళు విశ్వామిత్రుడు వేసినవాణ్ణి. వద్దు. తప్పని అనడం లేదు, వద్దంటున్నాను.

పట్నంలో ఆడిటోరియం వేరు, ఊళ్ళో పందిరి వేరు. ముందు వరసలో చాప మీద కూర్చునే వాళ్ళంతా మీ అమ్మాయిని ఎత్తుకుని పెంచిన వాళ్ళే. కాటిసీనులో మంగళసూత్రం దగ్గరికి వచ్చేసరికి వాళ్ళకి చంద్రమతి కనపడదు, ఫలానా వాళ్ళ అమ్మాయి కనపడుతుంది. అక్కడ రసం చెడిపోతుంది. ఇంతకాలం మీరు కట్టుకున్న కాటిసీను ఒక్క రాత్రిలో పోతుంది. వేరే నటీమణిని చూసుకోండి.

సురభి చూసినవాణ్ణి
మార్చి 11, రాత్రి 11:02

పెద్దాయన గారూ, ముందువరసలో చుట్టాలున్నంత మాత్రాన రసం చెడదు. తెనాలి రామవిలాస సభ పేరు చెబితే మీకు వెంటనే స్థానం నరసింహారావు గారు గుర్తొస్తారు. వేషం కట్టింది మగాడని అందరికీ తెలుసు. అయినా జనం చూసింది సత్యభామనే. 1956లో పద్మశ్రీ ఇచ్చింది కూడా ఆ ఆడవేషాల గొప్పతనానికే కదా. మగవాణ్ణి సత్యభామగా చూసిన జనం, కూతుర్ని చంద్రమతిగా ఎందుకు చూడలేరు?

ఇక ఒకే ఇంటివాళ్ళు కలిసి వేయడం అంటారా, మన తెలుగులో దానికి సురభిని మించిన ఉదాహరణ లేదు. 1885లో కడప జిల్లా సురభి ఊళ్ళో వనారస గోవిందరావు గారు 'కీచకవధ'తో మొదలుపెట్టారు. అంతకుముందు వాళ్ళు తోలుబొమ్మలు ఆడించేవాళ్ళు. మిగతా సమాజాల్లో మగవాళ్ళే చీర కట్టుకుంటున్న రోజుల్లో సురభిలో ఆడవేషాలు ఆడవాళ్ళే వేశారు. ఆ ఆడవాళ్ళు ఎవరు? ఇంట్లో భార్యలు, కూతుళ్ళు, కోడళ్ళు. బయటినుంచి ఎవరూ రాలేదు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేసిన సురభి కమలాబాయి ఆ ఇళ్ళలో పుట్టిన మనిషే.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో లలితకళాతోరణం దగ్గర వాళ్ళ 'మాయాబజార్' చాలాసార్లు చూశాను. ఒకసారి నాటకం అయ్యాక తెర వెనక్కి వెళ్ళాను. ఘటోత్కచుడు కిరీటం తీసి పక్కన పెట్టి ఒక చిన్నపాప జడ విప్పుతున్నాడు. ఆ పాప అరగంట ముందు స్టేజి మీద కృష్ణుడి వెనక నిలబడింది. ఆయనకు కూతురో మనవరాలో నేను అడగలేదు. పిన్నులు ఒక్కొక్కటే తీసి నోట్లో పెట్టుకుంటున్నాడు, కింద పడితే దొరకవని. శ్రీ వెంకటేశ్వర సురభి సమాజాన్ని నడిపిన బాబ్జీ గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది, 2022లో పోయారు. ఆ కుటుంబాల్లో పిల్లలు స్టేజి వెనకే పెరుగుతారు. వాళ్ళకి వేషం కట్టడం అంటే ఇంటిపని లాంటిదే.

పల్నాటి పెద్దాయన
మార్చి 11, రాత్రి 11:20

స్థానం వారి మాట నిజమే. కానీ ఆయన ఎదుట నిలబడింది ఆయన కన్నతండ్రి కాదు కదా బాబూ.

ఒకప్పటి లోహితుడు
మార్చి 12, ఉదయం 6:05

రాత్రంతా ఈ చర్చ చదువుతూ కూర్చున్నాను. నేను రాజమండ్రిలో ఉంటాను, 44 ఏళ్ళు. ఆరేళ్ళ వయసు నుంచి పదకొండేళ్ళ దాకా మా నాన్న పక్కన లోహితుడు వేశాను. ఆయన హరిశ్చంద్రుడు.

కాటిసీనులో లోహితుడు శవం కదా. కళ్ళు మూసుకుని స్టేజి మీద పడుకునేదాన్ని. కింద చెక్కలు గరుగ్గా ఉండేవి, పైన పెట్రోమాక్స్ వేడి. నాన్న నా మీదకి వంగి పద్యం పాడుతుంటే ఆయన చెమట చుక్క నా నుదుటి మీద పడేది. దానితో పాటు ముఖానికి రాసిన తెల్లరంగు, సఫేదా, కరిగి కంట్లోకి జారేది. కదలకూడదు. మంట పుట్టినా కదలకూడదు. నాటకం అయ్యాక కొబ్బరినూనె రాసి ముందు నా ముఖం తుడిచి, తర్వాతే తన ముఖం తుడుచుకునేవారు. ఆ వాసన ఎక్కడ తగిలినా నాకు ఇప్పటికీ మా నాన్నే గుర్తొస్తారు.

పన్నెండో ఏడు వచ్చాక ఇక చాలన్నారు. కారణం చెప్పలేదు. అమ్మమ్మ చెప్పింది, పెద్దపిల్లవయ్యావు అని. తర్వాత వేరే ఊళ్ళనుంచి పిల్లల్ని తెచ్చి లోహితుడు వేయించారు. నేను ప్రేక్షకుల్లో కూర్చుని చూసేదాన్ని. నాకు అన్ని పద్యాలూ వచ్చు, చంద్రమతివి కూడా. ఒక్కరోజు కూడా అడగలేదు, ఆయనా పిలవలేదు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది.

అన్నయ్యా, మీ అమ్మాయి నోరు తెరిచి అడిగింది. నేను అడగలేకపోయాను. దయచేసి దాన్ని వద్దనకండి. "దేవీ" అనే మాట రాకపోతే మీరు వేషం మార్చుకోండి. అమ్మాయి వేషం మాత్రం తీసేయకండి.

హార్మోనియం మాస్టారు
మార్చి 12, ఉదయం 8:30

ఈ చెల్లెలి మాటే నాదీ. నేను 31 ఏళ్ళుగా పెట్టె వాయిస్తున్నాను. మన 'హరిశ్చంద్ర' ఒక రాత్రిలో ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులతో నడుస్తుందని ఇక్కడ అందరికీ తెలుసు. వారణాసి సీను ఒకరిది, కాటిసీను ఒకరిది. మనిషి మారినా జనం ఏమీ అనుకోరు, పాత్ర పట్టుకుని పోతూనే ఉంటారు. బలిజేపల్లి వారి నాటకంలో జాషువా గారి శ్మశాన పద్యాలు కలిపి పాడుకునే వాళ్ళం మనం. మార్పు ఈ నాటకానికి కొత్తేమీ కాదు.

అందుకని లంకరైతు గారూ, నా సలహా ఇది. హరిశ్చంద్రుణ్ణి ఇంకొకరికి ఇచ్చేయండి. మీరు నక్షత్రకుడు వేయండి.

నవ్వించే వేషమని తీసిపారేయకండి. అప్పు వసూలుకి విశ్వామిత్రుడు పంపిన మనిషి. ఆ తల్లినీ బిడ్డనీ అడవిదారిలో నడిపించి ఏడిపించే మనిషి. మీ ఇద్దరు కూతుళ్ళనీ మీరే హింసపెట్టాలి. 22 ఏళ్ళు హరిశ్చంద్రుడు వేసిన గొంతుతో ఆ పని చేస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

ఇంకొకటి శృతి సంగతి. మీరు నాలుగున్నరకి పాడతారనుకుంటాను. అమ్మాయి ఏ శృతికి పాడుతోందో ముందు చూడండి. మీ పెరట్లో మీ శృతికే నేర్చుకుని ఉంటుంది, కింది స్థాయిలో గొంతు నలిగిపోతుంది. ఆమె శృతి ఆమెకి ఇవ్వండి. మధ్యలో పెట్టె మార్చుకోవడం నా బోటి వాళ్ళకి కష్టమేం కాదు.

ఇందూరు చిందు
మార్చి 12, మధ్యాహ్నం 1:12

నిజామాబాద్ వైపు నుంచి ఒక మాట. మా దిక్కు చిందు భాగవతం ఆడేవాళ్ళ ఇళ్ళల్లో ఈ ప్రశ్నే రాదు. మేళమంటేనే కుటుంబం. తల్లి, తండ్రి, బిడ్డలు, అల్లుండ్లు అందరూ గజ్జె కడతారు. చిందుల ఎల్లమ్మ చిన్నప్పటి నుంచి ముఖానికి అర్దళం, అంటే వేషానికి వేసే పసుపు రంగు, పూసుకున్న మనిషి, మగవేషం కట్టినా ఆడవేషం కట్టినా జనం కదిలేవాళ్ళు కారు. 2024లో జనగామ దిక్కు గడ్డం సమ్మయ్య గారికి చిందు యక్షగానానికి పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఊళ్ళల్ల పండుగ చేసుకున్నం.

కులవృత్తిగా ఆడేవాళ్ళని ఊరు ఒక తీరుగా చూస్తది, ఇష్టంతో ఆడే రైతుబిడ్డని ఇంకో తీరుగా చూస్తది. అది నాకు తెలుసు. వేషం కట్టినందుకు మా ఆడవాళ్ళు పడ్డ మాటలు తక్కువేం కాదు. అయినా కట్టారు కాబట్టే ఇవాళ ఆ ఆట బతికుంది.

ధర్మవరం తెర
మార్చి 12, సాయంత్రం 5:48

మాది ధర్మవరం. దగ్గర్లోనే నిమ్మలకుంట, తోలుబొమ్మల ఊరు. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, ఆయనది ఆ ఊరే. అక్కడ తెర వెనక ఒక కుటుంబం మొత్తం ఉంటుంది. తండ్రి రాముడి బొమ్మ పట్టుకుని పాడతాడు, పక్కన కూతురు సీత గొంతు ఇస్తుంది. తెర మీద మేకతోలు బొమ్మల నీడ, వెనక దీపం. రాముడూ సీతా తండ్రీకూతుళ్ళని చూసేవాళ్ళలో ఒక్కరికీ తట్టదు.

తేడా ఎక్కడుందంటే మనుషులు కనపడటంలో ఉంది. గొంతు మాత్రం అదే గొంతు. నేను ఎవరి పక్షమూ చెప్పడం లేదు. దీని గురించి చాలాసేపు ఆలోచించాను, అందుకే రాశాను.

డల్లాస్ నుంచి
మార్చి 13, ఉదయం 7:20

మా సంఘం వినాయక చవితికి నేను, మా ఇద్దరమ్మాయిలు 'లవకుశ' నుంచి ఒక ముక్క వేశాం. నేను వాల్మీకి, వాళ్ళు లవుడు, కుశుడు. వాళ్ళకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. పద్యాలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చాను. ళ, ణ పలకడానికి మూడు నెలలు పట్టింది. కారులో స్కూలుకి తీసుకెళ్తూ రోజూ ఇరవై నిమిషాలు అదే పని. చిన్నదానికి టెన్షన్‌తో ముందురోజు జ్వరం వచ్చింది.

అంతకుముందు నాతో తెలుగులో రెండు ముక్కలు మించి మాట్లాడేవాళ్ళు కాదు. లంకరైతు గారూ, మీ పిల్ల ఎవరూ నేర్పకుండా మొత్తం పాడిందంటే చదివి నాకు కళ్ళు చెమర్చాయి. మా ఇంట్లో అలా జరగాలంటే నేనేం చేయాలో నాకు తెలియదు. మీ రిహార్సల్ వీడియో ఉంటే పెట్టండి, మా పిల్లలకి చూపిస్తాను.

లంకరైతు
మార్చి 14, రాత్రి 10:30

అందరికీ పేరుపేరునా దండాలు.

మాస్టారు గారు నక్షత్రకుడు వేయమన్నప్పుడు నిజంగా మనసు కష్టపడింది. హరిశ్చంద్రుడు నాకు వేషం ఒక్కటే కాదు. మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా నన్ను ఆ పేరుతోనే పిలుస్తారు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. రాజమండ్రి చెల్లెమ్మ రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. సగంలో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి వచ్చి, "నువ్వు మొగుడి వేషం వేయనంటే దాన్ని వేయనిస్తాను" అంది.

మా దుగ్గిరాల మిత్రుడొకడు హరిశ్చంద్రుడికి ఒప్పుకున్నాడు. అమ్మాయికి చెబితే ముందు సంతోషించలేదు. "నా వల్ల నీ వేషం పోయింది" అని ఏడ్చింది. దానికి సర్దిచెప్పడానికే ఎక్కువ సమయం పట్టింది.

శృతి మాస్టారు చెప్పినట్టే ఉంది. నా నాలుగున్నరకి నలిగిపోతోంది, ఆరుకి పెట్టగానే గొంతు విచ్చుకుంది. ఇన్నాళ్ళు నాకు తెలియలేదు.

ఒక సందేహం. కాటిసీనులో చంద్రమతి బిడ్డని భుజాన వేసుకుని రావాలి. చిన్నది 27 కిలోలు. పెద్దది నాలుగడుగులు వేసి ఆగిపోతోంది. ఏం చేయాలి?

పల్నాటి పెద్దాయన
మార్చి 14, రాత్రి 11:05

వేషం మార్చుకున్నావని చదివి సంతోషించాను తమ్ముడూ. నా అభ్యంతరం తీరింది.

బరువు సంగతి విను. చంద్రమతి పద్యం ఎత్తుకుంటూ రాకూడదు. బిడ్డని మోస్తూ పాడితే ఊపిరి చాలక అపశృతి వస్తుంది. తెర తీసేసరికే బిడ్డని పక్కవింగు దగ్గర పెట్టుకుని ఉండాలి, అక్కడినుంచి మూడడుగులు చాలు. వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, బిడ్డ తల ఒళ్ళో పెట్టుకున్నాకే పద్యం. చిన్నమ్మాయికి చెప్పు, చేతులు వేలాడేయాలి కానీ ఒక చెయ్యి వెనకనుంచి అక్క జాకెట్టు పట్టుకోవచ్చు. జనానికి కనపడదు. సగం బరువు తగ్గుతుంది. రోజూ అన్నం తినకముందు పదిసార్లు ఎత్తించు.

ఒకప్పటి లోహితుడు
మార్చి 15, ఉదయం 5:50

పడుకునే చోట ఒక మెత్తటి దుప్పటి పరచండి అన్నయ్యా. పైన గోనెపట్టా వేస్తే కనపడదు. సఫేదా నుదుటి మీద పల్చగా రాయండి.

హార్మోనియం మాస్టారు
ఏప్రిల్ 7, మధ్యాహ్నం 12:15

నిన్న రాత్రి ఎలా జరిగింది? ఫోను చేద్దామంటే మీ నంబరు లేదు.

లంకరైతు
ఏప్రిల్ 8, రాత్రి 8:50

ఇప్పటికి తీరిక దొరికింది. క్షమించండి.

సీతారాముల కల్యాణం, భోజనాలు, ఉపన్యాసాలు అయ్యేసరికి పదకొండు దాటింది. నేను జుట్టుముడి వేసుకుని నక్షత్రకుడిగా స్టేజి ఎక్కగానే జనంలో గుసగుసలు మొదలయ్యాయి. హరిశ్చంద్రుడు ఏడీ అని ఒకరు గట్టిగానే అడిగారు. అడవిదారి సీను వచ్చింది. చిన్నది నడవలేనని కూలబడుతుంది, నేను రెక్క పట్టి లేపాలి. రిహార్సల్లో ఎన్నోసార్లు చేశాం. స్టేజి మీద నేను కర్ర నేలకి కొట్టి అరవగానే అది నిజంగా భయపడింది. నా గొంతు అలా ఇంట్లో ఎప్పుడూ వినలేదు. వెళ్ళి వాళ్ళ అక్క చీరకుచ్చెళ్ళలో ముఖం దాచేసుకుంది. అలా చేయమని మేము నేర్పలేదు. పెద్దది ఒక చేత్తో దాన్ని దగ్గరికి తీసుకుని నా వైపు చూసి పద్యం ఎత్తుకుంది. నాకు నా తర్వాతి మాట గుర్తు రాలేదు. ముందు వరసలోంచి ఒక ముసలమ్మ "ఒరే, పసిబిడ్డరా అది, నీకు చేతులెట్లా వస్తున్నాయిరా!" అని తిట్టింది. ఆవిడ మా పిన్ని. నన్ను పెంచిన మనిషి. ఆవిడ కేక వల్లే నేను మళ్ళీ పాత్రలోకి వచ్చాను.

పెద్దాయన గారూ, మీరు భయపడినట్టు ఆవిడకి ఆ క్షణాన నేను కనపడలేదు.

కాటిసీను నేను మొదటిసారి పక్కనుంచి చూశాను. వింగులో నిలబడి మాటలు అందిస్తున్నాను. అమ్మాయికి అందించాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. నేను నేర్పిన చోట ఆపకుండా, వేరే చోట ఆపింది. బిడ్డ నుదురు నిమిరి, చాలాసేపు ఊరుకుని, అప్పుడు ఎత్తుకుంది. నేను 22 ఏళ్ళలో అంతసేపు ఆగిన చంద్రమతిని చూడలేదు. వన్స్ మోర్ అన్నారు రెండు పద్యాలకి. రెండోసారి ఒక్కదానికే పాడింది. రెండో పద్యానికి చేతులు జోడించి తల అడ్డంగా ఊపింది. మా దుగ్గిరాల మిత్రుడు నాటకం అయ్యాక నా చేయి పట్టుకుని, "నీ కాటిసీను నాకిచ్చావు, రుణం ఎలా తీర్చుకోను" అన్నాడు.

డల్లాస్ సోదరుడికి వీడియో పంపుతాను. మా తమ్ముడు తీశాడు, మధ్యలో కొంచెం ఊగింది.

హార్మోనియం మాస్టారు
ఏప్రిల్ 8, రాత్రి 9:10

ఆ పద్యానికి ముందు ఎంతసేపు ఆగింది? పెట్టె మీద శృతి వదిలారా, ఆపేశారా?

లంకరైతు
ఏప్రిల్ 8, రాత్రి 9:18

ఆపేశాడు మాస్టారు. ఆవిడగారు ఎత్తుకోలేదని మా పెట్టె ఆయన కంగారుపడి చెయ్యి తీసేశాడు. పందిట్లో జనరేటరు చప్పుడు తప్ప ఏమీ లేదు. శృతి లేకుండానే ఆరు మీద సరిగ్గా అందుకుంది.

ఒకప్పటి లోహితుడు
ఏప్రిల్ 9, ఉదయం 5:40

రెండుసార్లు చదివాను అన్నయ్యా. చిన్నమ్మాయి ఎలా ఉంది? పాపం, అంతసేపు కదలకుండా పడుకోగలిగిందా?

లంకరైతు
ఏప్రిల్ 9, ఉదయం 6:25

నిజంగానే నిద్రపోయిందమ్మా. కాటిసీను అయ్యేసరికి రెండున్నర. దేవతలు ప్రత్యక్షమై బిడ్డని బతికించాక లోహితుడు లేచి నిలబడాలి. అది లేవలేదు. పెద్దది మెల్లగా చెవిలో పిలిచి, తల ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. కళ్ళు నులుముకుంటూ లేస్తే జనం చప్పట్లు కొట్టారు. తెర పడగానే మళ్ళీ అక్క భుజం మీదకి ఒరిగిపోయింది.

నువ్వు చెప్పినట్టే దుప్పటి పరిచాం. అదే మరీ హాయిగా ఉన్నట్టుంది. నేను రంగు తుడుచుకోకముందే మా ఆవిడ ఆడవాళ్ళ వైపు నుంచి లేచి తెర వెనక్కి వచ్చింది. కొబ్బరినూనె సీసా ఇంటినుంచి తనే తెచ్చుకుంది. ముందు చిన్నదాని ముఖం తుడిచి, తర్వాత పెద్దదాన్ని కూర్చోబెట్టి తుడిచింది. చిన్నదాన్ని భుజాన వేసుకుని ఇంటిదాకా తనే మోసుకెళ్ళింది.